మిషన్ కాలేజీ రసూల్‌బీ

మా రేపల్లెలో ఆ కాలేజీ అసలు పేరు సామాజిక సాంకేతిక శిక్షణ కళాశాల. అంత పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. మగపిల్లలు మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకునే గది మోటార్ కాలేజీ అయింది. మేము కుట్టు నేర్చుకునే గది మిషన్ కాలేజీ అయింది. బాపట్ల నుంచి ఒక సొసైటీ వాళ్ళు రెండువేల రెండులో మార్కెట్ వెనక రేకుల షెడ్డులో దాన్ని మొదలుపెట్టారు.

మాకు కుట్టు నేర్పిన రసూల్‌బీ మా వీధి మనిషే. భర్త పోయాక తెనాలిలో అన్నగారింట ఉండి కుట్టు నేర్చుకుంది. మంచాన పడ్డ అత్తను చూసుకోవడానికి తిరిగి వచ్చి, ఈ ఉద్యోగంలో చేరింది. ఏదైనా ముందు పాత పేపరు మీద కత్తిరించమనేది.

"పేపరు పాడైతే ఎవరూ ఏడవరు. గుడ్డ పాడైతే మీ అమ్మలు నా మీద పడి ఏడుస్తారు" అనేది. నా మొదటి జాకెట్టు చూసి, "చంక కింద ఇంత వదులేంటే నగ్మా, కోడిపిల్లని దాస్తావా?" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. ఎనిమిదితో బడి మానేశాక నలుగురిలో నవ్వడం నాకు అదే మొదలు.

మూడేళ్ళకు షెడ్డు యజమాని స్థలం అమ్మేశాడు. అప్పుడు చర్చి పెద్ద అంద్రెయ గారు ఆవరణలో ఖాళీగా ఉన్న పాత బడి గదులు ఇప్పించారు. అద్దె కూడా వద్దన్నారు. జనం గుర్తుపట్టాలని, గేటు మీద బోర్డులో పొడుగు పేరు కింద ఎర్ర రంగుతో మిషన్ కాలేజీ అని రాయించారు.

మా వీధి పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. నాన్న నన్ను కూడా ఆపేశాడు. బాపట్ల నుంచి చూడవచ్చిన సొసైటీ జీవన్ కుమార్ సార్, "సగం మిషన్లు ఖాళీగా ఉన్నాయి. పై నెల కూడా ఇలాగే ఉంటే అన్నీ బాపట్ల తీసుకెళ్ళిపోతామండి" అని చెప్పి వెళ్ళారట.

ఆ సాయంత్రమే రసూల్‌బీ నాన్న సైకిల్ షాపుకి వచ్చింది. షాపు మా ఇంటి ముందు గదిలోనే. తలుపు చాటు నుంచి అంతా విన్నాను.

"ఇస్మాయిలన్నా, పిల్లను పంపవేంటి?"

"మిషనోళ్ళ కాలేజీకి మన పిల్లలెందుకు చెల్లెమ్మా?"

"మిషనంటే కుట్టుమిషనన్నా! మూడేళ్ళ నుంచీ నువ్వూ ఆ మాటే అంటున్నావుగా."

"అప్పుడు షెడ్డులో ఉంది కాబట్టి అన్నాను. ఇప్పుడు ఆ మాట చర్చి గేటు మీద ఉంది."

"నేనేమన్నా మారిపోయానా?"

"నువ్వు మారలేదమ్మా. కానీ జనం నిన్ను చూడరు, బోర్డు చూస్తారు."

ఆమె మర్నాడు శనివారం పెయింటర్‌ని పిలిపించి, బోర్డు మీద ఆ రెండు మాటలకూ తెల్ల రంగు వేయించింది. నాన్న స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు. "సరే, సోమవారం నుంచి పో" అన్నాడు. మిగతా ఇళ్ళల్లోనూ ఒప్పుకున్నారు.

మధ్యలో ఆదివారం ఉంది. ఆ తెల్ల మచ్చ కిందుగానే చర్చికి వచ్చినవాళ్ళందరూ నడిచారు.

సోమవారం మేము వెళ్ళేసరికి అంద్రెయ గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు.

"రసూల్‌బీ అమ్మా, మా తాతల నాటి నుంచీ ఊరు మమ్మల్ని మిషనోళ్ళనే పిలిచింది. ఈ మిషన్ బడి ఉండబట్టే మాకు నాలుగు అక్షరాలొచ్చాయి. ఆ మాటకు రంగు పూశారే. అంత అంటరానిదా అది?"

"అయ్యో, కాదన్నా. నేను కుట్టుమిషన్ అన్న మాటనే చెరిపించాను."

"మాకు అట్లా కనపడలేదమ్మా."

ఆ రోజు అన్ని మిషన్ల దగ్గరా పిల్లలున్నారు. రసూల్‌బీ మాత్రం కత్తెర పట్టుకోలేదు. చర్చికి వెళ్ళే సుజన నా పక్క మిషనే. నావైపు చూడకుండానే కుట్టుకుంది.

గదులు ఖాళీ చేయమని చర్చి వాళ్ళు కబురు పెట్టారు. తాను చెప్పి చూసినా వినలేదని అంద్రెయ గారే వచ్చి చెప్పారు. ఊళ్ళో మరో చోటు దొరకలేదు. మోటార్లూ మిషన్లూ ఒకే లారీలో బాపట్ల వెళ్ళిపోయాయి. రసూల్‌బీని కూడా రమ్మన్నారు గానీ, అత్తను వదిలి వెళ్ళలేకపోయింది.

ఇప్పుడు ఆమె తన పాత మిషన్‌ని వసారాలో వేసుకుని కుడుతోంది. మా వీధి పిల్లలం పాత పేపర్లు పట్టుకుని వెళ్తాం. ఒక మిషన్ దగ్గర వంతులు వేసుకుంటాం. సర్టిఫికెట్ లేదు. సుజన రాదు.

మొన్న నాన్న అటు వెళ్తూ సైకిల్ ఆపాడు.

"చూశావా చెల్లెమ్మా, మిషన్ కాలేజీ మన వీధికే వచ్చేసింది!"

రసూల్‌బీ తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

"కాలేజీ బాపట్ల పోయిందన్నా. ఇది ఉత్త మిషన్."