తెల్లమద్ది బెరడు కోసం గౌలిపురకు

పోయిన నెల ఒక సాయంత్రం నా ప్రయోగం మొదటిసారి ఫలించింది. చెప్పుకుందామని తల తిప్పితే ల్యాబ్‌లో ఎవరూ లేరు. తోటివాళ్లు ఉద్యోగాలు దొరికి వెళ్లిపోయారు, నా పీహెచ్‌డీ గైడ్ సెలవులో ఉన్నారు. నేను చేసేది ఇదీ: రక్తం నుంచి చెడు కొలెస్ట్రాల్ రేణువులను వేరు చేసి, గాజు గొట్టంలో రాగి లవణం కలుపుతాను. నిలవ నూనె కంపుకొట్టినట్టే అవీ పాడవుతాయి. తెల్లమద్ది బెరడు సారం వేస్తే అవి పాడవడం ఎంత ఆలస్యమవుతుందో చూస్తాను. ఆ రోజు చాలా ఆలస్యమైంది. ఆపుకోలేక బెరడు అమ్మే యాదమ్మకే ఫోన్ చేశాను. "పెద్దమ్మా, రక్తంలో కొవ్వు మీద నీ చెక్క బాగా పనిచేస్తోంది."

ఇప్పుడా బెరడు అయిపోయింది. ప్రయోగం మళ్లీ చేసి చూడాలంటే అదే చోటి సరుకు కావాలి. అందుకని శనివారం ఉదయం తొమ్మిదికి సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కాను. యాకుత్‌పురాకు పది రూపాయల టికెట్, అరగంట పైనే ప్రయాణం. స్టేషన్ బయట ఆటో అతను గౌలిపురకు అరవై అడిగాడు. "ఒక్కరేనా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. "యాభై ఇయ్యుండ్రి, గల్లీ లోపల్దాక వస్త."

యాదమ్మ ఇంట్లో ముందు గది నిండా వేర్లు, బెరళ్ల మూటలే. నన్ను చూడగానే చాయ్ పెట్టింది. ఆమె భర్త మల్లయ్య సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి. నిరుడు గుండెకు స్టెంట్ వేయించుకున్నాడు. గ్లాసులో ఎర్రటి కషాయం తాగుతున్నాడు.

"నీ ఫోన్ వచ్చిన కాడికెళ్లి గోలీలు బంద్ చేసిన బిడ్డా," అన్నాడు నవ్వుతూ. "మన చెక్క ఉండంగ గవెందుకు?"

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. "బాపూ, నేను చూసింది గాజు గొట్టంలో. మనిషిలో కాదు."

"రక్తమే గద."

"రక్తంలోంచి తీసిన రవ్వంత. కడుపులోకి పోయాక ఏమవుతుందో నాకు తెలియదు. గోలీలు ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు."

యాదమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "గిన్నేండ్లు సదివినవ్. తెల్వదంటవేంది?"

"తెలియదు పెద్దమ్మా. తెలిసినట్టు ఫోన్లో చెప్పడం నా తప్పు."

డాక్టరునే అడుగుదాం పదండన్నాను. మల్లయ్యే లేచి ఆస్పత్రి ఫైలు వెతికి తెచ్చాడు. ముగ్గురం ఆటోలో ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు ఈసీజీ తీయించి, ఇన్ని రోజులు ఏమీ కాకపోవడం అదృష్టమన్నారు. గోలీలు ఆ పూటే మొదలుపెట్టమన్నారు, కషాయం మానేయమన్నారు. మల్లయ్య కింద మందుల షాపులోనే గోలీ మింగాడు. "పా, చెక్క కట్టిస్త," అంది యాదమ్మ, నా ముఖం చూడకుండా.

మూడు దాటాక యాకుత్‌పురా ప్లాట్‌ఫాం మీద బెరడు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లలో నా పని గురించి విని సంబరపడింది ఆ ఇద్దరే. ఆ సంబరాన్ని నా నోటితో నేనే తుంచేశాను. అలా చేయక తప్పదని తెలుసు. తెలిసినంత మాత్రాన బరువు తగ్గలేదు.

బెరడు కొనబోయేవాళ్లు పొడి కాకుండా ముక్కలే అడగండి, పొడిలో ఏం కలిసిందో కనిపెట్టలేం. గుండెకు గోలీలు వాడుతున్నవారైతే, సంచి విప్పకముందే మీ డాక్టరును అడగండి.