మా హాకీ పిల్లలకు నేను పెట్టిన పథ్యం

నేను కాళ్లు ముందు పెట్టి పుట్టాను. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. మా అమ్మకు మాత్రం ప్రాణాల మీదికి వచ్చింది. అయినా ఆ రోజు నుంచీ నా కుడికాలు ఊరందరి సొత్తు అయిపోయింది. అట్లా పుట్టినవాళ్లు, నడుము పట్టేసిన మనిషిని కాలితో మూడుసార్లు తంతే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆ మనిషి పరగడుపున రావాలి, బోర్లా పడుకోవాలి, మూడు ఆదివారాలు తన్నించుకోవాలి. నాకు ఊహ తెలిసేనాటికే ఆదివారం పొద్దున మా ఇంటి ముందు నలుగురైదుగురు పెద్దమనుషులు వరుసగా బోర్లా పడుకుని ఉండేవాళ్లు. నేను పళ్లు తోముకుంటూ వచ్చి అందరినీ తన్నేసి, పుక్కిలించడానికి వెళ్లేదాన్ని.

హాకీ ఆడాను, చదువుకున్నాను, కోడుమూరు దగ్గర ఒక ప్రభుత్వ బడిలో వ్యాయామ టీచరుగా చేరాను. చేరిన రోజు హెడ్మాస్టరు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి, "మీరు ఎదురుకాళ్లంట కదమ్మా" అని అడిగాడు. అబద్ధం చెప్పడానికి నాకు వ్యవధి లేదు. ఆయన అప్పటికే రెండు బెంచీలు కలిపి బోర్లా పడుకున్నాడు. వయసులో మా నాన్నంత మనిషి, ఉద్యోగంలో పైఅధికారి. చెప్పు విడిచి, దేవుడికి దండం పెట్టుకుని తన్నాను. ఆయన లేచి, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, నా జాయినింగ్ రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

ఆ బడిలో ఆడపిల్లల హాకీ జట్టు తయారు చేశాను. హాకీ ఆటగాళ్లకు దెబ్బలంటే అందరూ మోకాళ్లు, పళ్లు అనుకుంటారు. అసలు పోట్లు పొడిచేది తుంటి దగ్గర, తొడ మొదట్లో గజ్జల దగ్గర. నడుము వంచి పరిగెత్తాలి, ఉన్నట్టుండి ఆగాలి, బంతి కోసం ఒక కాలు దూరంగా సాచాలి. మా మైదానం నేల కాలిన పెంకు లాంటిది, అడుగు వేస్తే తిరిగి తుంటికే కొడుతుంది. ప్రతి ఏడూ ఒకరిద్దరు పిల్లలు తొడ పట్టుకుని కూర్చునేవాళ్లు. నేను ఆడే రోజుల్లో నాకూ వచ్చింది. ఓర్చుకో అన్నారు, ఓర్చుకున్నాను. నేనూ మా పిల్లలకు అదే చెప్పేదాన్ని.

జట్టులో నడిమధ్య ఆడే పిల్ల ఒకతి ఉండేది. తొమ్మిదో తరగతి. బంతి ఎటు పోతుందో బంతికన్నా ముందు ఆ పిల్లకు తెలిసేది. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. మా పల్లెల్లో చేలల్లో పని అయిపోగానే జనం మూటలు కట్టుకుని సుగ్గికి పోతారు, అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి. రెండు మూడు నెలలు అక్కడే గుడారాల్లో ఉంటారు. అంతకుముందు ఏటి దాకా అవ్వ దగ్గర పిల్లను వదిలి తల్లి పోయేది. ఆ ఏడు అవ్వ చనిపోయింది. పిల్లకు కడపలో జరిగే ఎంపికలో క్రీడా హాస్టల్లో సీటు వస్తే సరి, లేకపోతే బడి మాన్పించి వెంట తీసుకుపోతానని తల్లి నాతో తేల్చి చెప్పింది. ఎంపికకు పేరు రాసి పంపింది నేనే.

ఆ కాలంలోనే వ్యాయామ టీచర్లను కడపలో మూడు రోజుల శిక్షణకు పిలిచారు. అక్కడ ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ బల్లెక్కి పడుకుని, తన కాలే చూపిస్తూ, తొడ లోపలి కండ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో, ఆటలో ఎందుకు చిరుగుతుందో పది నిమిషాల్లో చెప్పింది. పదిహేనేళ్లు నేను ఓర్చుకున్న నొప్పికి కారణం ఉందని, దాన్ని రాకుండా ఆపవచ్చని అప్పుడు తెలిసింది. నాకు మండుకొచ్చింది. తర్వాత ఆమె వ్యాయామాల కాగితం ఇచ్చింది. వెల్లకిలా పడుకుని మోకాళ్ల మధ్య బంతి పెట్టి నొక్కడం, పిరుదులు పైకి లేపి నిలపడం, పక్కకు పెద్ద అడుగు వేసి కూర్చోవడం, ఇట్లా. వారానికి మూడు రోజులే చేయాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. తిరుగు బస్సులో మైదుకూరు దాటేదాకా నా సంచి మోకాళ్ల మధ్య పెట్టుకుని నొక్కుతూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమె లేచి వేరే సీటుకు వెళ్లింది.

మా పిల్లలు రెండు రోజులు చేశారు. మూడో రోజు గోల్‌కీపరు చేయి ఎత్తి, "ఇదంతా ఎందుకు మేడం, పట్టుకుంటే మీ కాలు ఉండాది కదా" అంది. మిగతావాళ్లు అవునవునన్నారు. డాక్టరమ్మ నాకు చెప్పినట్టు నేనూ వాళ్లను పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పవచ్చు. ఈ పిల్లలకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. కోపంలో నోటికి వచ్చింది అనేశాను. పథ్యం లేకుండా నా కాలు పనిచేయదని, నెల రోజులు ఈ కాగితంలో ఉన్నట్టు పథ్యం చేసినవాళ్లనే ఇకమీదట తంతానని చెప్పాను.

మర్నాడు పదహారు మందీ బంతికి బదులు పాత చీరల మూటలు తెచ్చుకున్నారు. ఆరోగ్యం కోసం అంటే కదలని పిల్లలు పథ్యం అనేసరికి కళ్లు మూసుకుని మూటలు నొక్కారు. నేను లోలోపల మురిసిపోయాను. విశ్రాంతి సంగతి మాత్రం చెప్పలేదు. ఊరికే ఉండటం కూడా పథ్యంలో భాగమంటే ఎవరు నమ్ముతారు?

వారం తిరిగేసరికి మాట ఊళ్లోకి పాకింది. హెడ్మాస్టరు ప్రార్థన సమయంలో పక్కకు అడుగు వేసి కూర్చుని లేవడం మొదలుపెట్టాడు. పిల్లలు అది కొత్త ప్రభుత్వ ఉత్తర్వు అనుకుని వాళ్లూ వేశారు. కిరాణా కొట్టు శెట్టిగారు మొదట బెల్లం అచ్చు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆ ఎండకు అది కరిగి పంచెకు అంటుకుంది, చీమలు పట్టాయి. తర్వాత కొబ్బరికాయకు మారాడు. కూర్చున్నచోట నుంచి లేవకుండా పప్పులు తూచేవాడు, లేస్తే కాయ జారుతుందని. ఎవరైనా కొబ్బరికాయ అడిగితే ఆ ఒక్కటీ అమ్మేది కాదనేవాడు. ఆదివారం మా ఇంటి ముందు పడుకునేవాళ్లు ఎన్ని రోజులు పథ్యం చేశారో వేళ్ల మీద లెక్క చెప్పి మరీ పడుకునేవాళ్లు. నేను గంభీరంగా వినేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ మర్యాద నాకు బాగానే ఉండేది.

ఎంపిక రోజు పొద్దున్నే నేనూ ఆ పిల్లా కడప మైదానంలో దిగాం. అన్ని జిల్లాల జట్లూ వచ్చాయి. నేను కాగితాలు చూపించి వెనక్కి తిరిగేసరికి మా పిల్ల పచ్చగడ్డి మీద బోర్లా పడుకుని ఉంది. చుట్టూ పది జట్లు నిలబడి చూస్తున్నాయి.

"తన్నండి మేడం. పరగడుపునే ఉండాను."

ఏమైందని అడిగితే, పది రోజులుగా తొడ మొదట్లో పోటు అంది. మెల్లగా విషయమంతా లాగాను. ఆ పిల్ల రోజూ పొద్దున, సాయంత్రం, ప్రతి వ్యాయామమూ నూరు నూరు చేసింది. గోల్‌కీపరు పథ్యం ఎగ్గొడుతోందని, దాని వల్ల జట్టుకు చెడు జరక్కూడదని దాని వంతూ తనే చేసింది. ఆట ఉన్న రోజూ చేసింది, జ్వరం వచ్చిన రోజూ చేసింది. ఒక్క రోజైనా ఆపాలి కదా అని అరిచాను.

"పథ్యానికి సెలవు ఉంటాదా మేడం?" అంది, గడ్డిలోంచే.

నమ్మనివాళ్లందరి తుంటి బాగుంది, నన్ను అందరికన్నా ఎక్కువ నమ్మిన పిల్ల తొడ పోయింది. ఇప్పుడు తంతే లేచి ఆడుతుందని నాకు తెలుసు. నమ్మకంతో నొప్పి ఓర్చుకుని ఆడుతుంది, సీటు కూడా రావచ్చు. కండ పూర్తిగా చిరిగిపోనూ వచ్చు. చెప్పు విడవడానికి నా కాలు కదిలింది కూడా. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

పక్కన కూర్చుని, నా కాలికి ఏ మహిమా లేదని, పథ్యం మాట అబద్ధమని చెప్పాను. ఆ పిల్ల లేవలేదు. తను ఏ తప్పూ చేయలేదని, ఒక్కసారి తన్నమని బతిమాలింది. పథ్యంలో ఏదో లోపం జరిగింది కాబట్టే నేను కాదంటున్నానని అనుకుంది. పది జట్ల ముందు నాకు ఏడుపు వచ్చింది. ఎంపికలో దెబ్బలు తగిలినవాళ్లను చూడటానికి శిక్షణలో చెప్పిన ఆ డాక్టరమ్మనే పిలిచారు, ఆమె మా దగ్గరికి వచ్చింది. పిల్లను తిప్పి పడుకోబెట్టి, తన పిడికిలి మోకాళ్ల మధ్య పెట్టి నొక్కమంది. నొక్కబోయి పిల్ల కేక పెట్టింది. ఆరు వారాలు ఆట లేదని డాక్టరమ్మ తేల్చేసింది. నేను ఎంపిక చేసేవాళ్ల చుట్టూ తిరిగి బతిమాలితే, మిగిలిన సీట్లకు రెండు నెలల తర్వాత మరో ఎంపిక ఉంటుంది, అప్పుడు తీసుకురండి అన్నారు.

తిరుగు బస్సులో మైదుకూరు వచ్చేదాకా ఆ పిల్ల కిటికీ బయటికే చూసింది. అక్కడ బస్సు ఆగినప్పుడు నా వైపు తిరిగింది.

"ఎందుకు చేయాల్నో చెప్పకుంటే, ఎంత చేయాల్నో నాకెట్ల తెలుస్తాది మేడం?"

అప్పుడు చెప్పాను. హాకీ కర్రను తొడ ఎముక అనుకోమన్నాను, సంచి పట్టీని కండ అనుకోమన్నాను. కండ పనిచేశాక కొంచెం అలసిపోతుందని, ఊరికే ఉన్న రోజే అది గట్టిపడుతుందని చెప్పాను. అంతా అర్థమైంది. పైగా నేను డాక్టరమ్మను అడగాలని తోచని ప్రశ్నలు రెండు అడిగింది. మొత్తం పది నిమిషాలు పట్టింది.

తల్లి సోమవారం బయలుదేరాలి. మూట కడుతుంటే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె ముడి బిగించి, "నీ మాట ఇనే చేసింది కదా టీచరమ్మా. ఇంగ నువ్వే బాగు చేయి" అని పిల్లను మా ఇంట్లో వదిలి ఆటో ఎక్కింది.

ఊళ్లో కూడా అబద్ధం ఒప్పుకుందామని తిరిగాను. ఒక్కరూ నమ్మలేదు. మహిమ ఉన్నవాళ్లు అట్లాగే అంటారని హెడ్మాస్టరు నా వినయాన్ని మెచ్చుకున్నాడు. శెట్టిగారు కొబ్బరికాయ వదలనన్నాడు. ఆయన నడుము నిజంగానే బాగుపడింది, దానికి నేనేం చేసేది? ఆదివారాలు తలుపు తీయడం మానేశాను. వాళ్లు తలుపు ముందు పడుకుని, కాసేపుండి, లేచి పోయేవాళ్లు. దాంతో కూడా కొందరికి గుణం కనిపించిందట.

ఇంట్లో మాత్రం ఆ పిల్ల నన్ను నిలవనీయలేదు. నొప్పి రానంత మెత్తగా నొక్కమంటే ఎందుకు అనేది. రోజు విడిచి రోజు అంటే ఎందుకు. పరుగు ముందు తిన్నగా, మలుపులు తర్వాత అంటే ఎందుకు. తెలియనివి డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగి చెప్పేదాన్ని. బిందె ఎత్తవద్దంటే కూడా ఎందుకో చెప్పాల్సి వచ్చింది, చెప్పి నేనే మోశాను. ఊరికే కూర్చోవడం ఆ పిల్లకు అన్నిటికన్నా కష్టమైంది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కూర్చోలేదట.

రెండో ఎంపికలో కాలు సాచి బంతి అందుకుంటుంటే నేను కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. సాయంత్రం జాబితాలో ఆ పిల్ల పేరు చదివారు. నేను గట్టిగా ఏడ్చాను, ఈసారి దాచుకోలేదు. అక్కడి నుంచే తల్లికి ఫోన్ కలిపాం. ఆమె ఇంకా మిరప చేలోనే ఉంది. సీటు వచ్చిందంటే మొదట కాలు ఎట్లుండాదని అడిగింది. తర్వాత మూడు పూటలా అన్నం పెడతారా అంది. పెడతారన్నాం. ఇక సంతోషంగా నవ్వి, తన నడుమే శానా పట్టేసిందని, టీచరమ్మ ఈడికొచ్చి తన్నిపోతే బాగుండునని అంది.

పిల్ల వెంటనే అందుకుంది. తన్నడం గిన్నడం ఏం లేదని, తను చెప్పినట్టు చేయమని, నడుము గురించి, తుంటి గురించి, కండ ఎందుకు పట్టేస్తుందో, ఒక రోజు పని చేస్తే ఒక రోజు ఎందుకు విడవాలో, నాకన్నా బాగా చెప్పింది. అవతల తల్లి అంతా విన్నది.

"మాకు ఇడిసే రోజు యాడుండాది మే" అంది.

ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల నా వైపు తిరిగి, వాళ్లకు ఎందుకు లేదు మేడం అంది. రెండు నెలలుగా అడిగినట్టే, నేను చెబుతానన్న ధీమాతోనే అడిగింది.