ఉలిగమ్మ వేళ్ళ బూడిద

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ధర్మవరంలో ఆ మగ్గాల వీధి వాళ్ళు మాత్రం ఉలిపికట్టె అని నోరు తిప్పుకునే శ్రమ పెట్టుకోకుండా నేరుగా ఉలిగమ్మ అనేసేవాళ్ళు.

వాళ్ళనీ తప్పు పట్టలేం. శనివారం సాయంత్రం వీధి వీధంతా భజన మందిరంలో తాళాలు పట్టుకుంటే, ఈమె ఇంటి అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకునేది. ఏకాదశి ఉపవాసం పట్టిందంటే మధ్యాహ్నానికే ఆ సంగతి మరిచిపోయి సంగటి ముద్ద తినేసి, చెయ్యి కడుక్కునేటప్పుడు నాలుక కరుచుకునేది. ఒకసారి అందరితో కలిసి పెనుగొండ కొండకు పోయింది. వాకిట్లో విడిచిన కొత్త చెప్పుల్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని, దేవుడి ముందు నిలబడినంతసేపూ వాకిలి వైపే చూసింది. "దేవుడు ఎట్లుండాడే?" అని తిరిగొచ్చాక మొగుడు కుళ్ళాయప్ప అడిగితే, "చెప్పులు భద్రంగా ఉండాయి" అని చెప్పింది.

పోనీ దేవుడంటే కోపమా అంటే అదీ లేదు. గుళ్ళో ఆమెకు ఏమీ అయ్యేది కాదు, అంతే. అయ్యేది వేరే చోట.

ఉలిగమ్మ పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు ఆ పోగుల కొసల్ని మగ్గంలోనే, దువ్వెన లాంటి అచ్చులో, వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, అందులో ఒక్కొక్క పోగునూ ఒక్కొక్క పాత కొసతో కలిపి వేళ్ళతో మెలిపెట్టాలి. పట్టుపోగు వెంట్రుక కన్నా సన్నం. చీరల పడుగులో అవి నాలుగు వేల పైచిలుకు ఉంటాయి. వరస తప్పితే నేత పాడు. పట్టు వేళ్ళ నుంచి జారిపోతుంది కాబట్టి బూడిద అద్దుకుంటారు. పిడకల పొయ్యిలో బూడిదే, గుడ్డలో జల్లించి కొబ్బరి చిప్పలో పోసుకున్నది. అచ్చు అతికే వాళ్ళ పక్కన ఆ చిప్ప ఉండడంలో వింతేమీ లేదు.

వింత ఉన్నదల్లా ఉలిగమ్మ లోపల. మొదట కొన్ని వందల పోగుల దాకా నడుము నొప్పి, రాత్రికి కూరేం చెయ్యాలి, పక్కింటి కొండమ్మ నిన్న తనను అన్న మాట, ఇవన్నీ తలలో తిరుగుతుండేవి. వెయ్యి దాటాక అవి ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోయేవి. ఆ పైన ఎక్కడో, ఏ పోగు దగ్గరో ఆమెకే తెలియదు, కడుపులోంచి ఒక సంతోషం పొంగుకొచ్చేది. దానికి కారణం ఉండేది కాదు. తాను వేరు, వేలు వేరు, పోగు వేరు అన్నది పోయేది. ఎవరూ ఏమీ అనకుండానే నవ్వొచ్చేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. దానికి ఆమె పేరు కూడా పెట్టలేదు. "ఈ పొద్దు అదయింది" అనుకునేది. వారానికి ఒకటి రెండు ఇండ్లలో పడుగు అతికితే ఒకటి రెండుసార్లు అదయ్యేది. ఇంతకు మించి ఈ లోకంలో తనకు కావలసినది ఏమైనా ఉందని ఉలిగమ్మకు ఎన్నడూ తోచలేదు.

ఇది సహించలేని మనిషి ఒకడుండేవాడు. ఆంజనప్ప, ఆమెకు మరిది వరస. చీరల దళారి, భజన గుంపుకు పెద్ద. గొంతు ముందు నడిచేది, తాళం వెనక వచ్చేది.

"వదినా, ఒక్క శనివారమన్నా వచ్చి కూచో. నీ సొమ్మేం పోతాది?"

"భజనలో నాకు నిద్దరొస్తాది ఆంజనప్పా. ఎప్పుడో ఒక మాటు వచ్చి నేను గురక పెడితే నువ్వు మద్దెల అనుకొని పాట ఎత్తుకుంటివి గదా!"

అరుగుల మీది ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. "నీకు చెప్పడం బూడిదలో పోసిన పన్నీరే" అని ఆంజనప్ప కండువా దులుపుకొని పోయాడు. ఆ బూడిదే తన మెడకు చుట్టుకుంటుందని అప్పుడతనికి తెలియదు.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. చీరలు నేయించి అమ్మే రంగప్ప ఇంట్లో ఉలిగమ్మ పడుగు అతుకుతోంది. హిందూపురం దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవి అనే రైతుల ఇంటి ఇల్లాలు వచ్చింది. కూతురి పెండ్లికి చెప్పిన చీర ఇంక వద్దని చెప్పడానికి వచ్చింది. నడవలో కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "పెనుగొండ సంబంధం రంగప్పా. మాట పట్టింపులొచ్చి తెగిపోయింది. చీర యాడ కట్టేది ఇంక?" అంది.

సరిగ్గా అప్పుడు లోపల మగ్గం దగ్గర ఒక పోగు తెగింది. ఉలిగమ్మకు పోగులతో మాట్లాడే అలవాటుంది. "తెగితే ఏమాయె? తెగిందని వదిలేస్తారా యాడన్నా? రెండు కొసలూ దగ్గరికి తెస్తే అదే అతుక్కుంటాది" అని దాన్ని మందలించింది.

నడవలో లక్ష్మీదేవికి ఒళ్ళు ఝల్లుమంది. లేచి లోపలికి తొంగి చూసింది. సగం మూసిన కళ్ళు, చెంపల మీద నీళ్ళు, పెదవుల మీద నవ్వు. చెమట తుడుచుకున్న చోట నుదుటి మీద మూడు వేళ్ళ బూడిద పట్టెలు, అడ్డంగా, పూజారి దిద్దినట్లున్నాయి. "అమ్మా" అని మూడుసార్లు పిలిచింది. ఉలిగమ్మ పలికితేనా? ఆమెకు అప్పుడే అదవుతోంది. లక్ష్మీదేవి చిప్పలోంచి చిటికెడు బూడిద తీసి కొంగున కట్టుకొని, సాగిలబడి మొక్కి, "చీర నేయించప్పా" అని రంగప్పకు చెప్పి వెళ్ళిపోయింది.

పోతూ పోతూ పెనుగొండలో రైలు దిగింది. వియ్యంకుడి ఇంటికి నేరుగా పోయి, "మా ఆయన నోరు మంచిది కాదు, నేను చెప్తాండా, మనసులో పెట్టుకోవద్దండి" అంది. వాళ్ళూ ఎవరైనా వచ్చి ఆ ఒక్క మాట అంటారా అని కాచుకొని ఉన్నారు. పెండ్లి జరిగిపోయింది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చింది లక్ష్మీదేవి. పేరొచ్చింది మాత్రం బూడిదకు.

ఇంక చూడండి. హిందూపురం ప్యాసింజరు వచ్చినప్పుడల్లా ధర్మవరం స్టేషనులో పది మంది దిగి "బూడిదమ్మ ఇల్లు యాడప్పా?" అని అడగడం మొదలయింది. పిల్లోడు పాలు తాగడం లేదని ఒకరు, కోర్టులో వాయిదాలు తెగడం లేదని ఒకరు, ఆవు పక్కింటివాళ్ళ దొడ్లోనే పేడ వేస్తుందని ఒకరు.

ఉలిగమ్మ నిజం చెప్పింది. "ఇది పొయ్యిలో బూడిదమ్మా. పట్టు జారకుండా పూసుకుంటాము" అంది. "ఎంత అణకువ!" అని వాళ్ళు లెంపలేసుకున్నారు. విసిగి తిట్టింది. నల్లమాడ నుంచి వచ్చిన ముసలాయన, "ఆయమ్మ తిడితే మంచిదంట, ఇంగో రెండు తిట్టు తల్లీ" అని ముందుకు జరిగాడు. ఆఖరికి అందరి ఎదుటా ఎండుచేపల కూర కలుపుకొని తిన్నది. "ఆయమ్మకు మడీ లేదు, మైలా లేదు. అవధూత" అని తేల్చేశారు. ఎటు పొర్లినా సన్నాసే అయిపోతోంది పాపం.

ఇంక ఆంజనప్ప. రాత్రికి రాత్రి "వదినా" పోయి "అమ్మా" వచ్చింది. ఎక్కడినుంచో జింక చర్మం తెచ్చి అరుగు మీద పరిచాడు. అది గుచ్చుకుంటోందని ఉలిగమ్మ మొత్తుకున్నా వినలేదు. తెర కట్టాడు, వరస పెట్టాడు. భజనకు రాని మనిషి ఇంటికే భజన తరలివచ్చింది. చెవి పక్కనే తాళాలు.

ఇంతవరకైతే ఉలిగమ్మ నవ్వుకొని ఊరుకునేదే. నవ్వలేనిది ఒకటి జరిగింది. ఆమెకు పడుగులు ఇవ్వడం మానేశారు.

"అమ్మతో కూలిపని చేయిస్తే కండ్లు పోతాయి" అని రంగప్ప దండం పెట్టాడు. మిగతా ఇండ్ల వాళ్ళూ అదే మాట. వీధిలో పడుగులన్నీ కొండమ్మ చేతికి పోయాయి. ఒక నెల గడిచింది, రెండో నెల గడిచింది. అది కాలేదు. కళ్ళు మూసుకొని కూర్చున్నా కాలేదు, భజనలో గొంతు కలిపినా కాలేదు. ఊరందరికీ శాంతి పంచుతోందని పేరు పడ్డ మనిషి లోపల బావి అడుగంటినట్లయింది. "నాకు అది కాక రెండు నెల్లాయె" అని మొగుడితో అంది. "ఏదే?" అన్నాడు కుళ్ళాయప్ప. ఇన్నేళ్ళ కాపురంలో చెప్పనిది ఇప్పుడెట్లా చెప్తుంది?

ఒక శనివారం పొద్దున ఆమె లేచేసరికి తన ఇంట్లోనే, తన మొగుడి మగ్గం దగ్గరే, కొండమ్మ బూడిద చిప్ప పెట్టుకొని కూర్చొని ఉంది. కుళ్ళాయప్ప తల ఎత్తలేదు. "ఏం చేద్దునే? నీతో చేయిస్తే నాకు నేత సాగదని ఆంజనప్ప చెప్పినాడు."

ఉలిగమ్మ రోటి పక్కన కూలబడి ఏడ్చింది. చిన్న ఏడుపు కాదు. మొగుడు దిగాలుపడి, "ఎవరో సచ్చినట్ల ఏడుస్తాండావేమే? నేను బతికే ఉండా గదా!" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

కాసేపటికి మొహం కడుక్కొని లేచింది. కొండమ్మను, "నువ్వు పోమ్మా" అని పంపేసింది. అరుగు మీదకు వచ్చి చూస్తే ముప్పై మంది ఉన్నారు.

"ఈ పొద్దు నుంచి బూడిద ఊరికే ఇయ్యను."

ఆంజనప్ప మొహం వెలిగింది. "చెప్పమ్మా! ఏం వ్రతం చెయ్యమంటావు?"

"ఒక్కొక్కరు నూరు పోగులు అతకల్ల. నోరు మెదపకూడదు. అయినంక చిప్పలోది ఎంత కావల్లంటే అంత తీసుకుపోండి."

కుళ్ళాయప్ప లబలబలాడాడు. "అది నా పడుగే!"

"నన్ను కాదని కొండమ్మకు ఇచ్చినావు గదా. ఇంగ ఊరందరికీ ఇస్తా."

ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టింది. హిందూపురం షావుకారుకు ఎనిమిదో పోగు దగ్గర రైలు టైము గుర్తొచ్చింది. పెనుగొండ గుమాస్తాకు ఇరవయ్యో పోగు దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. లేపాక్షి నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు, నా కొస నువ్వు లాగినావంటే నా కొస నువ్వు లాగినావని నోరు తెరిచి తన్నుకొని లేచిపోయారు. నల్లమాడ ముసలాయన నడుం పట్టుకొని, "దీని కంటే తిట్లే మేలు తల్లీ" అన్నాడు. బూడిదమ్మ పని చేయిస్తుందట అన్న మాట రైలు కన్నా ముందు హిందూపురం చేరింది. మధ్యాహ్నానికి అరుగు ఖాళీ. జింక చర్మం మిగిలింది, ఆంజనప్ప మిగిలాడు.

"నువ్వూ పోరాదా?"

"వాళ్ళు అవసరానికి వచ్చినోళ్ళమ్మా. నేను భక్తుణ్ణి. నూరు కాదు, వెయ్యి అతుకుతా!" ఇన్నేళ్ళుగా చీరలు అమ్మించిన మనిషి, ఒక్కనాడూ మగ్గం ముందు కూర్చోలేదు.

మొదట నామం చెప్పుకుంటూ మొదలుపెట్టాడు. "నోరు" అంది ఉలిగమ్మ. మూసుకున్నాడు. యాభై పోగులకు మూలిగాడు. నూటికి నడుం పట్టుకున్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని ఆమె గోడకానుకొని చూస్తోంది. లేవలేదు. పౌరుషం కొద్దీ ఒంగి అతుకుతూనే ఉన్నాడు. పొద్దు వాలింది. భజన గుంపు వాళ్ళు వచ్చి కిటికీలోంచి, "ఆంజనప్పా, తాళాలు యాడ పెట్టినావు?" అని కేకేశారు. అతని వేళ్ళు ఇంకో పోగు అందుకున్నాయి. ఇంకోసారి కేకేసి వెళ్ళిపోయారు.

ఉలిగమ్మ దగ్గరికి వచ్చి చూసింది. ఆంజనప్ప తనలో తాను నవ్వుతున్నాడు. మీసాల మీదకు నీళ్ళు కారుతున్నాయి.

ఆమెకు అర్థమయింది. అర్థం కాగానే ముందు వచ్చింది దయ కాదు, కడుపుమంట. రెండు నెలలుగా తనకు కానిది, ఈ వెధవకు మొదటి రోజే అయిపోయింది!

చాలాసేపటికి అతను తల తిప్పాడు. "వదినా" అన్నాడు. "ఏం వదినా ఇది? దీన్ని ఏమంటారు?"

"ఏమీ అనరు. పేరు చెప్తే రేప్పొద్దున దాని ముందర కూడా తాళాలు కొట్టిస్తావు."

ఆంజనప్ప కండువాతో మొహం తుడుచుకొని, గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పొద్దు వదినా. ఆ మందిరంలో ఇరవై ఏండ్లు అరిచినా. అప్పుడు కాంది ఈడ అయిందంటే నా పరువేం గావల్ల?"

"చెప్పన్లే. ముందు నువ్వు లెయ్. అది నా చోటు."

లేవలేక లేచి, నడుం వంకరగానే పట్టుకొని, తాళాల సంగతి మరిచిపోయి ఇంటి దారి పట్టాడు. కుళ్ళాయప్ప దీపం తెచ్చి పడుగు మీదికి వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "నాశనం! వీడు పెట్టినవి నాలుగు తప్ప, మిగతావన్నీ వరస తప్పినాయి. మొత్తం విప్పి మళ్ళా అతకల్ల. రెండు దినాలు పడతాది!"

"మూడు పట్టనీ" అంది ఉలిగమ్మ.

కొంగు నడుముకు దోపుకొని కూర్చుంది. వేళ్ళు బూడిదలో అద్దింది. అది ఇంక రాదేమోనన్న భయంతో మళ్ళీ అద్దింది. షావుకారు మెలిపెట్టిన మొదటి పోగు చూసింది. అంత సన్నటి పట్టును ఎద్దుకు పలుపు కట్టినట్లు కట్టాడు మహానుభావుడు. దాన్ని విప్పుతుండగానే ఆమెకు నవ్వొచ్చింది. ఎగతాళి నవ్వే మొదట. తరువాత అది ఎగతాళి కాదు. కుళ్ళాయప్ప ఆమె మొహం చూశాడు. దీపం అక్కడే పెట్టి, చప్పుడు చేయకుండా అరుగు మీదకు పోయి కూర్చున్నాడు.