కార్లోనే ఉండిపోయిన కాన్సర్టీనా

మంచి సంగీతం ఎక్కడ దొరుకుతుందని ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే డీలియా హెహిర్ ఒకటే చెప్పేది. "గుమ్మం ముందు బోర్డు పెట్టిన చోటికి పోవద్దు. కిటికీలోంచి తొంగిచూడండి. వాయించేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే లోపలికెళ్లండి. మీ మొహం చూస్తుంటే వెనక్కి వచ్చేయండి."

ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. గోల చేసిన పిల్లల్ని వానలో దింపేస్తానని రోజూ బెదిరించేది, ఒక్కణ్ణీ దింపలేదు. భర్త పోయాక ఇంట్లో కాన్సర్టీనా ముట్టుకోవడం మానేసింది. గోడలకి వాయించి ఏం లాభం అనేది. రెండు చేతుల మధ్య ఇమిడిపోయే చిన్న పెట్టె అది, హార్మోనియంలాగే గాలితో పలుకుతుంది. వారమంతా మూతపడి ఉండే ఆ పెట్టె ఆదివారం మధ్యాహ్నం మా ఊళ్లోని ఓడే పబ్బులో తెరుచుకునేది. ఆమెకి ఒకపక్క ఫిడేలుతో సెనన్, ఎనభైకి దగ్గరపడ్డ పాడిరైతు. ఇంకోపక్క ఫ్లూటుతో నేను. నేను రాకపోతే ఎవరూ గమనించరు. వాళ్లిద్దరిలో ఒకరు రాకపోతే ఆ ఆదివారం వృథా.

ఓడే పబ్బు అంటాం గానీ ఆ ఓడే అనే యజమాని చనిపోయి పాతికేళ్లు దాటింది. తర్వాత కొన్నేళ్లకి టియర్నీ కొన్నాడు, గుమ్మం మీద తన పేరు రాయించుకున్నాడు. పాపం, ఆ పేరు ఒక్కరు కూడా పలకలేదు. ఐర్లండ్‌లో మా క్లేర్ జిల్లాలో పబ్బు చేతులు మారుతుంది గానీ పేరు మారదు.

టియర్నీకి సంగీతం బొత్తిగా రాదు. అయినా మర్యాద తెలిసినవాడు. మా దగ్గర వాయిద్యం చంకన పెట్టుకుని పబ్బులోకి వచ్చేస్తే అది గొప్పలు పోవడం కింద లెక్క. దాన్ని కారు డిక్కీలో వదిలి ఒట్టి చేతులతో లోపలికి రావాలి. గ్లాసు సగమయ్యేదాకా వాన గురించీ ఆవుల గురించీ మాట్లాడుకోవాలి. అప్పుడు పబ్బు యజమాని బల్ల తుడుస్తూ, "పెట్టె ఏమైనా తెచ్చావా డీలియా?" అని అడగాలి. "ఏదో కార్లో పడి ఉందిలే" అని ఆమె విసుక్కోవాలి. రెండోసారి అడిగాక లేచి వెళ్లి తెచ్చుకోవాలి. పదిహేనేళ్లు టియర్నీ ఒక్క ఆదివారం కూడా తప్పకుండా అడిగాడు.

ఫిబ్రవరిలో మోకాళ్లు అరిగిపోయి, పబ్బు అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నది కార్మాక్ అనే డబ్లిన్ మనిషి. నలభై ఏళ్లుంటాయి, నవ్వుమొహం. మొదటి ఆదివారం మా గ్లాసులు సగమయ్యాయి. కార్మాక్ వచ్చి బల్ల తుడిచాడు, బాగున్నారా అన్నాడు, వెళ్లిపోయాడు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. డీలియా కోటు వేసుకుంది.

రెండో ఆదివారమూ అంతే. మూడోదీ అంతే. మేమంత మౌనంగా కూర్చునేసరికి పాపం అతనికి ఏం చెయ్యాలో తోచక కర్రలతో ఆడే హర్లింగ్ మ్యాచ్ పెట్టాడు టీవీలో.

"నేను చెప్పనా అతనికి?" అన్నాను.

"నోరు మూసుకో," అంది డీలియా. "చెప్పి అడిగించుకుంటే అది అడిగినట్టా? అడుక్కున్నట్టు."

"అతనికి మన గోల పడదేమోలే," అన్నాడు సెనన్. "ఆ టీవీలోవాడైతే డబ్లిన్ యాసలో మాట్లాడతాడు కదా."

అలా పది ఆదివారాలు. కాన్సర్టీనా ఆమె కార్లో, ఫిడేలు అతని కార్లో, మేం ముగ్గురం టీవీ కింద. నేను చెప్పెయ్యాల్సింది. డీలియాకి భయపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

మే నెలలో సెనన్‌కి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. ఫిడేలు కమాను పట్టేది ఆ చేత్తోనే.

ఆసుపత్రి నుంచి డీలియా తిన్నగా పబ్బుకి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. పట్టపగలు, లోపల ఇంకెవరూ లేరు.

"నా పెట్టె కార్లో ఉంటుందని నీకు తెలుసా?" అని నిలదీసింది.

"తెలుసు," అన్నాడు కార్మాక్ బిత్తరపోయి. "ఇక్కడి సంగీతం కోసమే ఈ పబ్బు కొన్నాను. టియర్నీ తాళాలిస్తూ ఒకటే చెప్పాడు. వాయించేవాళ్లని కదపకు, వాళ్లంతట వాళ్లే వాయిస్తారు అని. అందుకే నోరెత్తలేదు. నేనంటే మీకు గిట్టడం లేదనుకున్నా."

ప్రతి ఆదివారం తానే అడిగేవాడినని టియర్నీకి గుర్తే లేదు. అంతగా అలవాటైపోయింది. డీలియా అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

సెనన్ ఇంటికొచ్చేదాకా పెట్టె తెరవనంది. జూలైలో ఒక ఆదివారం అతను కర్ర పట్టుకుని మెల్లగా నడిచొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కార్మాక్ టీవీ కట్టేశాడు. బల్ల తుడుస్తూ అడగాల్సిన మాట అడిగాడు. ఒకసారికే డీలియా లేచి వెళ్లి తెచ్చుకుంది. పాట ఎత్తుకుంది. సగం దాకా వచ్చి ఆపేసింది.

"సెనన్, నేనే పాడుచేశాను," అంది. "ఆ పది ఆదివారాలూ నీ చెయ్యి బాగానే ఉంది."

"నా కాళ్లూ బాగానే ఉన్నాయి," అన్నాడు సెనన్. మాట కాస్త ముద్దముద్దగా వస్తోంది. "లేచెళ్లి ఫిడేలు తెచ్చుకున్నానా? నీ ఒక్కదానికే ఉందనుకున్నావా పౌరుషం?"

డీలియా పెట్టెని ఒళ్లో సర్దుకుంది.

"మళ్లీ మొదట్నించీ ఎత్తుకో," అన్నాడు. "ఈసారి తొందరపడకు. ఎప్పుడూ తొందరపడతావు."

ఆమె మొదట్నించీ ఎత్తుకుంది. నేను ఫ్లూటు అందుకున్నాను. ఫిడేలు ఒంటరిగా వాయించాల్సిన చోటు వచ్చినప్పుడు ఇద్దరం ఆగిపోయాం. సెనన్ ఎడమచేత్తో బల్ల మీద తాళం వేస్తూ ఆ చోటు దాటించాడు.