డెన్మార్క్ మేడం, పందిపెంట, నా తలకాయ

మొన్న మన మెదక్ పేరు డెన్మార్క్‌ల మోగించిన, ఇనుండ్రి! ఎట్ల మోగిందో చెప్తె మీకు చాయ్ ముక్కులకెళ్లి వస్తది. కప్పులు జర కింద పెట్టుండ్రి ముందుగాల.

నా ప్రాజెక్టు పని ఏందంటే, పందిపెంట పొలానికేస్తె అండ్ల నైట్రోజన్ పంటకెంత అందుతది, అమ్మోనియా అయ్యి గాలిలకు ఎంత పోతది అని చూసుడు. డెన్మార్క్‌ల ఎంత, మెదక్‌ల ఎంత అని పోల్చుడు. వాళ్లు పెంటను జారుగ చేసి మిషిన్‌తోని సీదా మట్టి లోపలికే దింపుతరు. మనమో? కుప్ప పోసి, ఎండకు వదిలేసి, పురుసత్ దొరికినప్పుడు చల్లుతం. మన దగ్గర లాస్ మస్తుంటదని నాకు గట్టి నమ్మకం. కని అది సక్కగ కొలిచి చూపెట్టాలె. చూపెడితెనే మెదక్ ప్రాజెక్టుల ఉంటది, నా నౌకరి ఉంటది. లేకుంటె ఇంకో జిల్లాకు ఇస్తరు. గందుకె ఒక్క దగ్గర కాలు నిలిస్తె ఒట్టు! అన్నం తినుకుంట గూడ లేచి తిరుగుతుంటి.

పొలం హవేలిఘనపూర్‌ల మా బామ్మర్ది ప్రభాకర్‌ది. ఓ మూల మడి ఇయ్యమంటె మొకం మాడ్చుకున్నడు.

"బావా, ఊరోళ్లంత ముక్కు మూసుకోని నా దిక్కే చూస్తరు. మా అక్క మొకం చూసి ఇస్తున్న, గంతే."

నర్సాపూర్ దిక్కు పందుల ఫారం నుంచి డ్రమ్ముల పెంట తెచ్చిన. ఆటో ఆయన దారి పొడుగున ముక్కుకు రుమాలు కట్టుకోనే నడిపిండు! మడిల చల్లి, మీద టబ్బులు బోర్లిచ్చి, లోపల యాసిడ్‌ల నానబెట్టిన స్పాంజిలు పెట్టిన. గాలిలున్న అమ్మోనియాను అవి పట్టుకుంటయి. తర్వాత స్పాంజిని నీళ్లల్ల పిండి మందు చుక్కలేస్తె, అమ్మోనియా ఎంతుంటె నీళ్లు అంత నీలమైతయి. గింతే పని.

మర్నాడు స్పాంజిలను డబ్బీలల్ల పెట్టి ఇంటికి తెచ్చిన. సల్లటి జాగల ఉంచాలె. ఫ్రిజ్ డోర్ తీసిన్నో లేదో మా ఇంటామె సునీత వచ్చి అడ్డం నిలవడ్డది.

"పందిది నా ఫ్రిజ్‌ల పెట్టిండ్రంటె, మీరు గూడ అండ్లనె పండుకోండ్రి!"

ఇగ ఏం జేస్త? ఇంట్ల సల్లగుండేది బాత్రూమే. సబ్బుల పక్కన షెల్ఫ్ మీద పెట్టిన, పోల్చి చూసెటందుకు ఉంచిన ఉత్త స్పాంజి గూడ పక్కకే పెట్టిన. పెట్టినోణ్ణి ఊకుండొద్దా? ఉండబుద్ధి కాలె. మాటిమాటికి పోయి మూత తీసుడు, వాసన చూసుడు, మళ్ల పెట్టుడు. ఆఖరికి మూతలు ఊకె మీద ఆనిచ్చి వదిలేసిన.

తెల్లారినంక వీడియో కాల్. అటుదిక్కు మా ప్రాజెక్టు నడిపే డెన్మార్క్ మేడం కిర్‌స్టెన్. గసుంటామె ముంగట తెల్ల నెత్తితోని ఏం కూసుంట అని, బాత్రూం తలుపేసుకోని మంచిగ డై ఏస్కున్న. ఆరేదాక ఆడనే అటు ఇటు తిరిగిన.

స్నానం చేసి వచ్చి పొలం స్పాంజిని సీసా నీళ్లల్ల పిండిన. చుక్కలేసిన. అబ్బా! నీలం అంటే గదీ నీలం! దిల్ ఖుష్ అయిపోయింది.

కాల్ మొదలైందో లేదో ఇంగ్లీషుల దంచుడు షురూ చేసిన. "మేడం, మా మెదక్ ఎండలకు మీ డెన్మార్క్ యాడ ఆగుతది! మా పెంటల నైట్రోజన్ మీకంటె ఎన్నో రెట్లు గాలిల కలుస్తున్నది" అని చెప్పి, సీసా కెమెరా ముంగట ఊపిన. దేశానికి నష్టమని చెప్పుకుంట గంత సంబురపడ్డోడు నేనొక్కణ్ణే ఉంట!

ఆమె నవ్వలె. మెల్లగ అడిగింది. "మంచిది. పొలానికి తీస్కపోని స్పాంజి ఒకటి ఉంచమన్న గద, అది ఎట్లున్నది?"

అది చూడనే లేదు! ఉరికిపోయి తెచ్చి, ఆమె ముంగటనే పిండి చుక్కలేసిన. పొలం మొకమే చూడని స్పాంజి, పెంట మొకం చూడని స్పాంజి, దానికంటె ముదురు నీలమైంది! నాకు చెమటలు పట్టినయి. చెమటకు డై కారి చెంప మీద నల్లటి గీత దిగింది.

"ఎక్కడ పెట్టిండ్రు?" అన్నది కిర్‌స్టెన్.

"బాత్రూంల."

"అక్కడ ఇంకేమన్న వాడిండ్రా?"

నేను చెంప తుడుసుకుంటుంటె, ఎన్కకెళ్లి సునీత డై డబ్బా చదువుకుంట వచ్చింది. "ఏమండీ, దీంట్ల అమ్మోనియా ఉన్నదట! గందుకేనేమో బాత్రూంల కండ్లు మండుతున్నయి."

కిర్‌స్టెన్‌కు తెలుగు రాదు. అమ్మోనియా అన్న మాట మాత్రం అర్థమైంది. డబ్బా దిక్కు చూసింది, నా చెంప దిక్కు చూసింది. తర్వాత నవ్వింది సూడుండ్రి, టేబుల్ మీద తల పెట్టుకోని నవ్వింది! డెన్మార్కోళ్లు గంత నవ్వుతరని నాకు తెల్వదు. నాకైతే స్క్రీన్ల దూరి మాయమైతె బాగుండనిపించింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని, "ఇంకొక్కసారి చేయండ్రి, ఇదే ఆఖరు" అన్నది. బతికిపోయిన!

కని ఇంకోసారి చేయాల్నంటె మళ్ల మడి కావాలె గద. నిన్న పొద్దుగాల బండేసుకోని ఉరికిన హవేలిఘనపూర్. నేను చెప్పకముందే సునీత ఫోన్ల అంత చెప్పేసింది. ప్రభాకర్ గట్టు మీద నిలవడి నా నెత్తి దిక్కు నిమ్మలంగ చూసిండు.

"ఈసారి పందులెందుకు బావా? ఆటో కిరాయి గూడ దండుగ. నువ్వే వచ్చి మోటర్ కింద తలస్నానం చెయ్యి, మడంత పారిద్దాం!"