ఫోనులో కట్టిన ముడుపు

ఆ బ్యాంకు పేరు నేను చెప్పను. చెబితే అనవసరంగా దానికి మర్యాద ఇచ్చినట్టవుతుంది. సిద్దిపేట మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులు పెట్టుకుని, జనాన్ని బయట ఎండలో నిలబెట్టి, లోపల ఏసీలో కూర్చునే బ్యాంకు అంటే చాలు. పద్నాలుగేళ్లుగా నా ఖాతా అందులోనే ఉంది. ఇన్నేళ్లలో ఆ బ్యాంకు నాతో నిజం చెప్పింది ఒక్కటే: సర్వర్ డౌన్.

నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. వరి పొట్టకొచ్చే వేళకు మోటారు కాలిపోతే రైతు దాన్ని ట్రాలీలో వేసుకొచ్చి, పని అయ్యేదాకా నా ఎదురుగానే కూర్చుంటాడు. "సాంకేతిక సమస్య, కాసేపటి తర్వాత ప్రయత్నించండి" అని నేనంటే చెప్పు తీస్తాడు. తీయాలి కూడా. ఆ బ్యాంకు మీద మాత్రం ఎవరూ చెప్పు తీయరు. వాళ్లు రమ్మన్నప్పుడు వెళ్లి, పొమ్మన్నప్పుడు వచ్చేస్తారు. నేనూ ఆ సిగ్గులేని గుంపులో ఒకణ్ణే. పైగా మా బజారులో అందరికంటే ముందు యాప్ వేసుకున్న మొనగాణ్ణి. ఎవరైనా నోట్లు లెక్కపెడుతుంటే, ఇంకా ఏ కాలంలో ఉన్నావని ఎగతాళి చేసేవాణ్ణి.

మా అమ్మను మేం అవ్వా అని పిలుస్తాం. ఐదేళ్ల కింద మద్దూరులో మోటారు చూసి తిరిగి వస్తుంటే, రోడ్డు మీద పోసిన ఇసుకలో నా బండి జారింది. తలకు దెబ్బ. మూడు వారాలు హైదరాబాద్ దవాఖానలో ఉన్నాను, అందులో మొదటి వారం నాకు తెలివి లేదు. అప్పుడు అవ్వ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. కొడుకు లేచి నడిస్తే పట్నం వేయిస్తానని, అదీ తన సొంత కష్టంతోనేనని. పట్నం అంటే రంగుల పొడులతో ఒగ్గు పూజారులు దేవుడి ముందు వేసే పెద్ద ముగ్గు. నేను లేచాను. నడిచాను. అవ్వ ముడుపు కట్టడం మొదలుపెట్టింది.

అవ్వ బీడీలు చుడుతుంది. నెలకోసారి బీడీల పైసలు రాగానే అందులోంచి ఒక నోటు తీసి, దానికి పసుపు రాసి, దేవుడి అర మీదున్న పసుపు గుడ్డలో పెట్టి ముడి వేసేది. ఏ నెల ఎంత పెట్టిందో ఎవరికీ చెప్పేది కాదు. నేను ఇస్తానంటే తీసుకునేది కాదు. నాలుగేళ్లు పట్టింది. మూట నిండిందని, ఈ ఏడు ఏదో ఒక ఆదివారం కొమురవెల్లి పోదామని ఒకరోజు తనే చెప్పింది.

అప్పుడు నాలోని మొనగాడు లేచాడు. మూటకు చెదలు పడతాయి, ఎలుకలు కొడతాయి, జాతర జనంలో ఎవడో కొట్టేస్తాడు అని భయపెట్టాను. బ్యాంకులో వేస్తే భద్రంగా ఉంటాయి, కొమురవెల్లిలో ఫోనుతో కొడితే ఒక్క నిమిషం పని అన్నాను. అవ్వ చాలాసేపు ఆలోచించింది. కొడుకు చదువుకున్నవాడు కదా అని మూట విప్పి ఇచ్చింది. డబ్బులు వేసే మిషను దగ్గరికి తీసుకెళ్తే, అది పసుపు నోట్లను ఒక్కొక్కటిగా బయటికి కక్కింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. జేబురుమాలు తడిపి, నోట్లకున్న పసుపంతా తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ వేశాను. అప్పుడు మిషను మింగింది. నేను సంతోషపడ్డాను.

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది.

"గీ ఫోన్లనే ఉన్నయా బిడ్డా, నా పైసలు?"

ఉన్నాయన్నాను. ఆమె ఫోను తీసుకుని కళ్లకద్దుకుంది. వెనక పసుపు బొట్టు పెట్టింది. కొమురవెల్లికి బయల్దేరే ముందురోజు, ఒక గంట దేవుడి అర మీద ఉంచమంది. నేను నవ్వుకుంటూనే ఉంచాను.

ఆదివారం పొద్దున బస్సులో వెళ్లాం. జనం, డప్పులు, తలల మీద బోనాలు, గాలినిండా బండారి పసుపు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. బేరమాడకుండా పూజారిని మాట్లాడింది. ఆయన పైసల కోసం స్కానర్ అట్ట ముందుకు పెట్టాడు. నేను దర్జాగా ఫోను తీశాను. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆపి మళ్లీ కొట్టాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వచ్చింది. ఏటీఎం దగ్గరికి ఉరికితే అక్కడ నాలాంటి మొనగాళ్లు ఇరవై మంది ఫోన్లు పైకెత్తుకుని నిలబడ్డారు, అందరిదీ అదే బ్యాంకు. కార్డు కూడా పని చేయలేదు. హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, నా కాల్ వాళ్లకు చాలా ముఖ్యమని చెప్పి పాట పెట్టింది. ఆ పాట వింటుండగానే అదే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. నాకు పర్సనల్ లోన్ ముందే మంజూరైందట, ఇప్పుడే తీసుకోమని. మా అవ్వ పైసలు మాకు ఇయ్యడానికి చేతగాని సన్నాసులు, వడ్డీకి అప్పు ఇయ్యడానికి మాత్రం సిద్ధంగా ఉన్నారు. థూ!

రెండు గంటలు అటూ ఇటూ తిరిగి పూజారి దగ్గరికి వచ్చాను. ఆయన మంచివాడు. ముందు పట్నం వేసేద్దాం, పైసలు రేపు పంపండి అన్నాడు. కొబ్బరికాయల దుకాణం ఆయన నాకు తెలిసినవాడే, ఆయనా చేబదులు ఇస్తానన్నాడు. పైసలు ఎక్కడివైనా పైసలే కదవ్వా అన్నాను. అవ్వ నన్ను కోపంగా చూడలేదు. చూసినా బాగుండేది.

"మొక్కు పైసలు ఎవలన్న బదులు తెస్తరా? నువ్వు దవాఖానల ఉన్ననాడు నేను మొక్కితే, మల్లన్న నన్ను రేపు రమ్మన్నడా?"

పూజారి స్కానర్ అట్ట పక్కకు తీసేశాడు. కొబ్బరికాయ కొట్టి, గుడి బయటి నుంచే దండం పెట్టుకుని తిరుగు బస్సెక్కాం. దారి పొడుగునా అవ్వ కొత్త చీర కొంగు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

సోమవారం దుకాణం తెరవకుండా బ్యాంకుకు పోయాను. సర్వర్ బాగైందట. మేనేజరు కొత్తగా వచ్చిన యువకుడు, మెడలో తాడు, తాడుకు కార్డు. నేను చెప్పిందంతా కంప్యూటర్ వైపు చూస్తూనే విన్నాడు. "మీ మనీ సేఫ్‌గానే ఉంది కదా సార్, ఇంక ప్రాబ్లం ఏంటి?" అన్నాడు. ఫిర్యాదు కాగితం ఇచ్చాడు. అందులో నష్టపోయిన మొత్తం ఎంత అని ఒక గడి ఉంది. చాలాసేపు దాన్నే చూశాను. లెక్క ప్రకారం నాకు రూపాయి కూడా నష్టం లేదు. సున్నా రాసి ఇచ్చాను. ఆయన దాని మీద ముద్ర వేసి, నవ్వి, వచ్చే మంగళవారం కనుక్కోమన్నాడు. ఆ ముఖాన్ని నేను చచ్చేదాకా మరచిపోను.

పైసలన్నీ తీసుకుని ఇంటికి పోయాను. అవ్వ గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నోట్లు చేతిలో పెట్టాను. ఒక్కొక్కటి తిప్పి చూసింది. ఒక్కదానికీ పసుపు మచ్చ లేదు, అన్నీ ఫెళఫెళలాడుతున్నాయి.

"నా నోట్లేవి బిడ్డా?"

బ్యాంకులో అలా దాచిపెట్టరని, ఎవరి నోట్లు ఎవరికో ఇస్తారని చెప్పాను. అవి ఎప్పుడో ఎవరి చేతికో వెళ్లిపోయి ఉంటాయి. పసుపు తుడిచిన సంగతి కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అవ్వ ఆ కట్ట నాకే తిరిగిచ్చి, పిల్లల ఫీజు కట్టమంది. కొంగు ముడి విప్పి, పోయిన నెల బీడీల పైసల్లోంచి ఒక యాభై నోటు తీసింది. లోపలికి పోయి, పసుపు రాసి, ఖాళీ గుడ్డలో పెట్టి ముడి వేసింది.

మొదటిసారి నాలుగేళ్లు పట్టింది. అవ్వకు ఇప్పుడు డెబ్బై రెండు. ఎడమ కంటికి చూపు సరిగా ఆనదు, చుట్టిన బీడీల్లో సగం ఖరాబని కార్ఖానావాళ్లు వెనక్కి పంపుతున్నారు. ఎన్నేళ్లవుతుందో నేను లెక్క వేయలేదు. తలుచుకుంటేనే ఆ బ్యాంకు మీద, నా మీద ఒకే రకం అసహ్యం పుడుతుంది.

దుకాణానికి పోదామని బండి స్టార్ట్ చేశాను. అవ్వ చాట పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చింది.

"మొక్కు తీరేదాక బండి జర మెల్లగ నడుపు బిడ్డా."