గోపాలసామి పంటి తీర్పు

బోడినాయకనూరు ఏలకుల వేలంలో గోపాలసామి పంటికి ఉన్న పరపతి తక్కెడకు కూడా లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన ముందు పళ్లతో కాయ కొరికి, గింజ నమిలి "ముదురు" అంటే ముదురే, "లేత" అంటే లేతే. అలాంటి పన్ను ఊడింది. మదురైలో దవడ ఎముకలోకి టైటానియం మర బిగించి, కొత్త పన్ను తొడిగారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? మూడో వారంలోనే కాయ కొరికాడు. మర వదులై తీసేయాల్సి వచ్చింది.

రెండోసారి మర బిగించే ముందు డాక్టర్ నందిత, దూరపు చుట్టాలమ్మాయే, తన పరిశోధనలో చేరమంది. ఈసారి మరకు ఎక్సోసోమ్‌లు పూస్తారట.

"మూలకణాల్ని పెట్టేది లేదు మామా. అవి విడిచిన సన్న పొట్లాలు మాత్రమే. 'ఇక్కడికి రండి, ఎముక కట్టండి' అని చుట్టూ ఉండే కణాలకి కబురు చెప్తాయి."

ఆయనకు వెంటనే అర్థమైంది. వేలానికి మూటలొస్తాయా? నమూనా పొట్లమే వస్తుంది. దాన్ని నమ్మే కొనేవాడు కదులుతాడు.

"సరేమ్మా. నేనేం చెయ్యాల?"

"మూణ్ణెల్లు ఏలక్కాయ కొరకగూడదు, నమలగూడదు. ఈ పక్క పన్ను, ఆ పక్క పన్ను అనేదే లేదు."

ప్రాణం అడిగినా ఇంతకంటే తేలిగ్గా ఇచ్చేవాడు.

మర బిగించిన రెండో నెలలో కొండ మీంచి పెద్ద సరుకు దిగింది. పచ్చగా నిగనిగలాడుతోంది. అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. కాయ పెదవి దాకా వెళ్లింది. కొరికితే పన్ను పోతుంది; మూడో మరకు ఎముక మిగలదని నందిత చెప్పింది. కొరక్కపోతే మాట పోతుంది. ఇంకొకరి నోటిని నమ్మడం ఆయన ఇంటా వంటా లేదు.

పక్కనే సెల్లాయి కాయలు ఏరుతోంది. ఇరవై ఏళ్లుగా ఏరుతున్నా, రుచి ఎలా ఉందని ఆమెను అడిగినవాడు లేడు.

"సెల్లాయీ, నువ్వు కొరికి సూడు."

ఆమె కొరికి, నిదానంగా నమిలింది. "పొగ తగిలిండాది ముదలాళీ. గింజ చేదు."

గోపాలసామి ఆమె కొరికిన కాయ తొక్కను వాసన చూశాడు. నిజమే. ఇన్నేళ్లూ అడగనందుకు సిగ్గేసింది.

మూడో నెల నిండాక నందిత మరను తట్టి, కొలిచి, నవ్వింది. "ఎముక బాగా పట్టుకొనింది మామా. పొట్లాల వల్లనా, మీ ఓపిక వల్లనా అనేది ఇంకా శానామందిని సూస్తేగాని చెప్పలేను. ఇంక కొరకండి."

మర్నాడు వేలంలో కాయ టప్పుమంది. పన్ను కదల్లేదు. "ముదురు!" అన్నాడు గొంతు నిండుగా. ధర పాడబోయినవాళ్లను చెయ్యెత్తి ఆపి, రెండో కాయ సెల్లాయికి అందించాడు.

"ఆగండి. ఆమెని గూడా చెప్పనీండి."